“ఇక తీసుకోండి” అని ప్రోగ్రాము ఎప్పుడు చెప్పాలి? చెవిన పెట్టకూడని చిట్కాలు

తెనాలిలో ఒక పెళ్లిళ్ల స్టూడియోకు కొన్నేళ్ల క్రితం చిన్న ప్రోగ్రాము రాసిచ్చాను. కౌంటర్ దగ్గర విండోస్, లోపల ఎడిటింగ్‌కు మ్యాక్, కాపీలు వేసే పాత సీపీయూలో లినక్స్. మూడింటి మీదా ఒకేలా నడవాలి. పని పెద్దదేమీ కాదు. పెళ్లివారు తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌లోకి ఫోటోలూ వీడియోలూ ఎక్కించి, డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి, “కాపీ పూర్తయింది, ఇక తీసుకోండి” అని తెర మీద పచ్చ అక్షరాలతో చూపించాలి. ఒకరోజు ఆ పచ్చ అక్షరాలు చూసే షాపాయన డ్రైవ్ లాగి, కవర్లో పెట్టి, పెళ్లికూతురి నాన్నగారి చేతికిచ్చాడు.

పది రోజులకు ఆయన తిరిగొచ్చారు. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. ఫైళ్ల పేర్లూ ఉన్నాయి. ‘జీలకర్ర బెల్లం’ అనే ఫోల్డర్లో తొమ్మిది వీడియోలుంటే ఆరింటి సైజు సున్నా బైట్లు. మిగతా మూడూ సైజు చూపిస్తున్నాయి గానీ ప్లే కావడం లేదు. మూఢం రాకముందు పెళ్లిళ్ల హడావుడి కదా, ఈలోగా కెమెరా కార్డులు ఫార్మాట్ చేసి మరో పెళ్లికి వాడేశారు. చోటు చాలక లినక్స్ సీపీయూలోదీ తుడిచేశారు.

“తమ్ముడూ, నీ ప్రోగ్రాము తీసుకోమంది. నేను తీశాను. ఇందులో నా తప్పేమన్నా ఉందా?” అని అడిగాడు షాపాయన. లేదు. తప్పు పూర్తిగా నాదే. ఆ అన్‌మౌంట్ కోడులో ప్రతి వరుసా ఎవరో ఒకరు చెప్పిన చిట్కానే. అనుభవమున్నవాళ్లు చెప్పారు, తోటివాళ్లు చెప్పారు, నేను నమ్మాను. ఇప్పటికీ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలకు అవే చిట్కాలు అందుతున్నాయి. అందుకని వాటిని చెప్పే తీరులోనే ఇక్కడ పెడుతున్నాను, ఏది ఎక్కడ ముంచుతుందో కూడా.

“వంద శాతం చూపించిందంటే అయిపోయినట్టే బాస్.”

వంద శాతం అయింది మన ప్రోగ్రాము వైపు పని. రైట్ అనే కాల్ తిరిగొచ్చిందంటే డేటా కెర్నల్ చేతిలో పడిందని అర్థం. అది ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. లినక్స్ మామూలు సెట్టింగుల్లో రాయాల్సిన పేజీలను 30 సెకన్ల దాకా పాతబడనిస్తుంది, 5 సెకన్లకొకసారి లేచి చూసి అప్పుడు డిస్కుకు తోస్తుంది. అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా ఇలా రాయకుండా మిగిలిన డేటా పోగుపడనిస్తుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న మిషన్లో అది సుమారు 3 జీబీ. సెకనుకు 10 ఎంబీ రాసే చౌక పెన్‌డ్రైవ్ అయితే ఆ 3 జీబీ దిగడానికి 5 నిమిషాలు. ప్రోగ్రెస్ బార్ పరుగెత్తుకుంటూ చివరికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఐదు నిమిషాలు పెన్‌డ్రైవ్ మీద లైటు మినుకుమినుకుమంటూనే ఉంటుంది. షాపాయన చూసేది తెరను. లైటును చూడమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

“కాపీ అయ్యాక ఐదు సెకన్లు స్లీప్ పెట్టు, సరిపోతుంది.” పై లెక్క చూశాక దీనికి వేరే జవాబు అక్కర్లేదు.

“సింక్ కొట్టెయ్, అన్‌మౌంట్ దేనికి?”

ఇది చెప్పేవాళ్లకు సగం తెలుసు. ఆ సగమే ప్రమాదం. లినక్స్‌లో సింక్ కాల్ రాత పూర్తయ్యేదాకా ఆగుతుంది, నిజమే. కానీ పోసిక్స్ ప్రమాణం అలా ఆగాలని పట్టుబట్టదు. రాయమని క్యూలో పెట్టి తిరిగొచ్చేసినా తప్పు కాదంటుంది. ఒక సిస్టమ్‌లో చూసిన నడవడిని మూడింటికీ అంటగట్టకూడదు. మ్యాక్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ ఎఫ్‌సింక్ డేటాను డ్రైవ్ దాకా పంపుతుందే తప్ప, డ్రైవ్ తన సొంత బఫర్లోంచి పళ్లెం మీదికో చిప్‌లోకో దింపేదాకా పూచీ ఇవ్వదు. ఆ పూచీ కావాలంటే ఎఫ్‌కంట్రోల్‌తో ఫుల్‌ఎఫ్‌సింక్ అని విడిగా అడగాలి. ఈ మాట యాపిల్ తన మాన్యువల్ పేజీలోనే రాసింది.

సరే, సింక్ పక్కాగా అయిందనే అనుకుందాం. ఆ మరుక్షణం ఫైల్ మేనేజర్ ఒక థంబ్‌నెయిల్ ఫైలు రాయొచ్చు, ఇంకో విండోలో ఎవరైనా ఫైలు సేవ్ చేయొచ్చు. సింక్ అంటే గిన్నె ఒకసారి ఒంపడం. అన్‌మౌంట్ అంటే ఇక ఎవరూ పోయకుండా మూత పెట్టడం. ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లలో ‘వాడకంలో ఉంది’ అనే గుర్తు ఒకటి ఉంటుంది. డ్రైవ్ వాడకంలో ఉండగా అది పడుతుంది, సవ్యంగా అన్‌మౌంట్ అయితే చెరుగుతుంది. వీటికి జర్నల్ లేదు. మధ్యలో తెగితే ఎక్కడిదాకా రాశామో గుర్తుపెట్టుకునే పుస్తకమే ఉండదు. పెళ్లివారి పెన్‌డ్రైవ్‌లు దాదాపు అన్నీ ఈ రకమే.

“బిజీ అంటోందా? లేజీ అన్‌మౌంట్ కొట్టు, కిక్కురుమనదు.”

నన్ను ముంచింది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

అన్‌మౌంట్ అన్నది యూనిక్స్‌లో మొదట్నుంచీ ఉన్న కాల్. 1971 నాటి మొదటి మాన్యువల్లోనే ఉంది, అప్పట్నుంచీ ‘ఎన్’ అక్షరం లేకుండా యూమౌంట్ అనే పేరుతోనే. లినక్స్ ఆ పేరునే ఉంచుకుంది. ఫ్రీబీఎస్‌డీ, మ్యాక్‌లలో సిస్టమ్ కాల్ పేరు పూర్తి స్పెల్లింగుతో అన్‌మౌంట్ అయింది, కమాండు మాత్రం యూమౌంట్‌గానే మిగిలింది. డ్రైవ్‌లోని ఫైలును ఎవరైనా తెరిచి ఉంచితే ఈ కాల్ ‘బిజీ’ అని ఎర్రర్ ఇస్తుంది. ఫైలే తెరిచి ఉండనక్కర్లేదు. ఏదో టెర్మినల్ ఆ డ్రైవ్‌లోని ఫోల్డర్లో నిలబడి ఉన్నా చాలు.

లినక్స్ 2.4.11 నుంచి యూమౌంట్2 కాల్‌కు డిటాచ్ అనే ఫ్లాగు ఉంది. దీన్నే లేజీ అన్‌మౌంట్ అంటారు. ఇది వెంటనే ఒక పని చేస్తుంది: ఫోల్డర్ల చెట్టులోంచి ఆ కొమ్మను తెంచేస్తుంది. కొత్తగా ఎవరూ ఆ దారిన వెళ్లలేరు. మౌంట్ల పట్టికలో ఆ వరుస మాయమవుతుంది. ఫైల్ మేనేజర్లో బొమ్మ పోతుంది. కాల్ సున్నా తిరిగిస్తుంది, అంటే విజయం. కానీ ఫైలు తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము ఇంకా పట్టుకునే ఉంటుంది, రాస్తూ కూడా ఉండొచ్చు. ఆఖరి చెయ్యి వదిలేదాకా ఫైల్ సిస్టమ్ తెర వెనక బతికే ఉంటుంది. అది నిజంగా ఎప్పుడు ముగిసిందో మన ప్రోగ్రాముకు ఎవరూ కబురు పెట్టరు.

ఆ రోజు తెనాలిలో జరిగింది ఇది. కాపీ అవుతుండగానే ఫైల్ మేనేజర్ వీడియోలకు థంబ్‌నెయిళ్లు గీయడం మొదలుపెట్టింది. నా ప్రోగ్రాము అన్‌మౌంట్ అడిగింది, బిజీ అని వచ్చింది. వెంటనే చిట్కా ప్రకారం డిటాచ్ ఫ్లాగుతో మళ్లీ అడిగింది, సున్నా వచ్చింది. పచ్చ అక్షరాలు వెలిగాయి. ర్యామ్‌లో ఇంకా దిగని జీబీలున్నాయి. షాపాయన చెయ్యి చాచాడు.

అదే పార్టిషన్ ఇంకో చోట మౌంట్ అయి లేకుంటే, మామూలు అన్‌మౌంట్ సున్నా ఇచ్చిందంటే తిరిగొచ్చే ముందే అది ఉన్నదంతా రాసి ముగించిందని అర్థం. అందుకే ఒక్కోసారి నిమిషాల తరబడి ఆగుతుంది. ఆ ఆగడమే మనకు కావలసింది. లేజీ అన్‌మౌంట్‌కు దాని చోటు దానికుంది. జవాబివ్వని నెట్‌వర్క్ షేర్‌ను వదిలించుకోవడానికి, షట్‌డౌన్ వేళ పనికొస్తుంది. మనిషి చెయ్యి ప్లగ్ మీద ఉన్న చోట అది పనికిరాదు.

బిజీ అని వస్తే దాన్ని అడ్డంకిలా చూడకండి, కబురులా వినండి. ఎవరు పట్టుకున్నారో ఫ్యూజర్‌తోనో ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తోనో తెలుస్తుంది. మీ కోడులోంచే ప్రాక్ ఫోల్డర్ తిరగేసి కూడా తెలుసుకోవచ్చు. ఆ పేరు తెర మీద పెట్టండి. చాలాసార్లు ఆ పేరు మన ప్రోగ్రాముదే అవుతుంది: ఎక్కడో మూయడం మరిచిన ఫైలు.

“రూట్‌గా నడిపేస్తే పర్మిషన్ల గొడవే ఉండదు” అనేది ఆ లేజీ చిట్కాకు చెల్లెలు. అన్‌మౌంట్ కాల్‌కు లినక్స్‌లో అడ్మిన్ అధికారం కావాలి కాబట్టి ఈ సలహా పుట్టింది. ఒక పెన్‌డ్రైవ్ కోసం ఫోటో కాపీ ప్రోగ్రాము మొత్తానికి ఇంటి తాళాలన్నీ ఇవ్వక్కర్లేదు. డెస్క్‌టాప్ లినక్స్‌లో యూడిస్క్స్2 అనే సర్వీసు ఆ పని కోసమే ఉంది. డీ-బస్ మీద దాన్ని అన్‌మౌంట్ అడగండి, అది అయ్యాక డ్రైవ్‌ను పవర్ ఆఫ్ చేయమనండి. లైటు ఆరిపోతుంది. అదే పార్టిషన్ ఇంకో చోట కూడా మౌంట్ అయి ఉంటే పవర్ ఆఫ్ ఒప్పుకోదు. అది కూడా మంచి కబురే.

విండోస్ దగ్గరకొద్దాం. ఇక్కడ చిట్కాలు మరీ ధైర్యంగా ఉంటాయి.

“డ్రైవ్ లెటర్ తీసేస్తే చాలన్నా, కనబడకపోతే పోయినట్టేగా.” లెటర్ అంటే గుమ్మం మీద నంబరు. నంబరు పీకేస్తే ఇల్లు ఖాళీ అవ్వదు.

“లాక్ ఫెయిలవుతుంటే వదిలేసి నేరుగా డిస్మౌంట్ చేసెయ్.” విండోస్‌లో వాల్యూమ్‌ను తెరిచి, డివైస్ఐఓకంట్రోల్ ద్వారా ముందు లాక్, తర్వాత డిస్మౌంట్, తర్వాత మీడియా తీయడానికి అనుమతి, ఆఖరున ఎజెక్ట్, ఇదీ వరస. లాక్ ఎందుకంటే, ఎవరి చేతిలోనూ ఆ వాల్యూమ్ ఫైళ్లు తెరిచి లేవని విండోస్ మనకు హామీ ఇచ్చేది ఆ మెట్టు దగ్గరే. డిస్మౌంట్ కాల్ ఎవరు వాడుతున్నారని చూడదు. అడిగిందే తడవు, తెరిచిన హ్యాండిళ్లన్నిటినీ చెల్లకుండా చేసేస్తుంది. పక్క ప్రోగ్రాము సగం రాసిన ఫైలు సగంలోనే ఆగుతుంది. పైగా లాక్ లేకుండా డిస్మౌంట్ చేస్తే, ఆ తర్వాత ఎవరు డ్రైవ్‌ను ముట్టుకున్నా విండోస్ దాన్ని మళ్లీ మౌంట్ చేసేస్తుంది. మీరు ‘తీసుకోండి’ అని చూపించే లోపే అది తిరిగి వాడకంలోకి వచ్చేసి ఉండొచ్చు. లాక్ అందకపోతే కాసేపు ఆగి నాలుగైదుసార్లు ప్రయత్నించండి. అప్పటికీ అందకపోతే అందలేదని చెప్పండి. లాక్ అందాక, పనంతా ముగిసేదాకా ఆ హ్యాండిల్ మూయొద్దు, మూస్తే లాకూ పోతుంది.

ఇదంతా వాల్యూమ్ సంగతి. డివైస్ మొత్తాన్ని బయటికి పంపాలంటే, అంటే గడియారం పక్కన ఉండే ‘సురక్షితంగా తీసివేయి’ గుర్తు చేసే పని చేయాలంటే, సీఎం రిక్వెస్ట్ డివైస్ ఎజెక్ట్ అనే కాల్ ఉంది. ఇది ముందు అందర్నీ అడుగుతుంది: ఈ డివైస్ తీసేస్తున్నాం, అభ్యంతరముందా? ఎవరైనా వద్దంటే ఆ అభ్యంతరం రకాన్నీ, పేరునూ మనం ఇచ్చిన చోట రాసి పెడుతుంది. ఆ రెండూ అక్కర్లేదని ఖాళీగా పంపితే, కబురు మీ కోడుకు రాదు, విండోస్ తనే ఒక డబ్బా వేసి వాడేవాడికి చూపిస్తుంది. అక్కర్లేదనుకోకండి, అడగండి. ఏ ప్రోగ్రాము అడ్డుపడిందో ఈవెంట్ లాగ్‌లో కెర్నల్-పీఎన్‌పీ పేరుతో 225 నంబరు కింద కూడా ఉంటుంది. ఈ కాల్‌కు ముందు మాత్రం మీ చేతిలోని వాల్యూమ్ హ్యాండిల్ మూసేయాలి, లేకపోతే అడ్డుపడేది మీరే.

అలా మా ప్రోగ్రామే అడ్డుపడిన ఒక సంగతి. షాపాయన ఫైలు ఎంచుకునే డబ్బాలో పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి ఫోల్డర్ చూపించేవాడు. డబ్బా మూసుకుపోయేది, మా కోడు ఫైళ్లన్నీ మూసేసేది, అయినా ఎజెక్ట్‌కు ప్రతిసారీ అభ్యంతరమే. రెండు రోజులు వెతికితే తేలింది: ఆ డబ్బా వెళ్తూ వెళ్తూ మా ప్రోగ్రాము కరెంట్ డైరెక్టరీని పెన్‌డ్రైవ్‌లోకి మార్చి పోయింది. ఒక ప్రోగ్రాము నిలబడ్డ ఫోల్డర్‌ను విండోస్ తెరిచే ఉంచుతుంది. అన్‌మౌంట్‌కు ముందు కరెంట్ డైరెక్టరీని మీ సొంత ఫోల్డర్‌కు మార్చే ఒక్క వరుస రాయండి. మూడు సిస్టమ్‌ల మీదా రాయండి.

“విండోస్ 10 నుంచి క్విక్ రిమూవల్ కదా, ఎజెక్ట్ అక్కర్లేదట.” 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లకు క్విక్ రిమూవల్ మామూలు పద్ధతి అయింది, అది నిజం. అంటే రాత క్యాష్‌లో పోగుపడకుండా వెంటనే వెళ్తుంది. మీరు పీకే క్షణంలో నడుస్తున్న రాతను అది కాపాడదు. ఎవరైనా ఆ డ్రైవ్ సెట్టింగు మార్చుకుని ఉంటే ఆ మాత్రం కూడా ఉండదు. అది ఏ సెట్టింగులో ఉందో మీ కోడు ఊహించనే కూడదు.

మ్యాక్ మీద నేను విన్న చిట్కా: “అది యూనిక్సే కదా, యూమౌంట్ కమాండు పిలిచేయ్.” పిలిస్తే చాలాసార్లు బిజీ అంటుంది, పైగా డిస్క్‌యుటిల్‌తో ప్రయత్నించమని తనే సలహా ఇస్తుంది. కారణముంది. మ్యాక్‌లో డిస్కుల రాకపోకలు చూసే పెద్ద డిస్క్ ఆర్బిట్రేషన్. స్పాట్‌లైట్ లాంటివి కొత్త డ్రైవ్ కనబడగానే ఇండెక్స్ చేయడం మొదలుపెడతాయి. ఆ పెద్దను అడిగితే అది పట్టుకున్నవాళ్లకు ముందు చెప్పి వదిలిస్తుంది, తిన్నగా కెర్నల్‌ను అడిగితే వాళ్లకు కబురే వెళ్లదు.

ఇక్కడ కొత్తవాళ్లు జారే చోటు ఒకటుంది. డిస్క్ ఆర్బిట్రేషన్‌లో అన్‌మౌంట్ కాల్ వెంటనే తిరిగొస్తుంది. అప్పటికి పని మొదలైంది, అంతే. ఫలితం కాల్‌బ్యాక్‌లో వస్తుంది, అదీ సెషన్‌ను ఒక రన్‌లూప్‌కో డిస్పాచ్ క్యూకో కట్టి ఉంచితేనే. కాల్‌బ్యాక్‌లో ‘డిసెంటర్’ అనే ఆర్గ్యుమెంటు ఖాళీగా ఉంటే అందరూ ఒప్పుకున్నట్టు. ఖాళీగా లేకపోతే ఎవరో కాదన్నట్టు, కారణం అందులోనే ఉంటుంది. ఎజెక్ట్‌ను ఆ కాల్‌బ్యాక్ లోపలి నుంచే పిలవాలి, ముందు కాదు. ఒక డ్రైవ్‌లో రెండు పార్టిషన్లుంటే ఒకటి అన్‌మౌంట్ చేసి సరిపెట్టొద్దు. ‘హోల్’ ఆప్షన్‌తో డిస్కు మొత్తానికి అడగాలి. ఏపీఎఫ్‌ఎస్ డ్రైవ్ అయితే అసలు డిస్కుకొక నంబరు, లోపలి కంటైనర్‌కు ఇంకో నంబరు కనిపిస్తాయి, ఒకదానికి బదులు ఇంకొకటి పట్టుకోకండి. ఫోర్స్ ఆప్షన్ కూడా ఉంది. లేజీ గురించి చెప్పినదాన్ని మళ్లీ చెప్పను, దాన్నీ మనిషి స్వయంగా బటన్ నొక్కి అడిగితే తప్ప వాడకండి. ఇంత లోతు వద్దనుకుంటే ఫైల్ మేనేజర్ క్లాసులో అన్‌మౌంట్ వాల్యూమ్ అనే మెథడ్ ఉంది, మ్యాక్ 10.11 నుంచి. అడ్డుపడ్డ ప్రాసెస్ నంబరు కూడా దాని ఎర్రర్‌లో దొరుకుతుంది.

ఇక పెద్దవాళ్ల చిట్కా. “మూడింటికీ ఒకే ఫంక్షన్ రాయి, లోపల ఇఫ్-ఎల్స్ పెట్టు, ట్రూ లేదా ఫాల్స్ ఇవ్వు. క్లీన్‌గా ఉంటుంది.” దీనితో నాకు గట్టి పేచీ ఉంది. వాల్యూమ్ అన్‌మౌంట్ కావడం ఒకటి, మీడియా ఎజెక్ట్ కావడం ఒకటి, డివైస్‌కు పవర్ పోవడం ఒకటి. లినక్స్ మొదటిది చేసి ట్రూ అంటుంది, విండోస్ కోడు మూడోది చేసి ట్రూ అంటుంది, మ్యాక్‌ది మొదలుపెట్టి ట్రూ అంటుంది. పైన బటన్ రాసేవాడికి మూడూ ఒకటే ట్రూ. ఫంక్షన్ ఒకటే ఉంచుకోండి, కానీ అది తిరిగిచ్చేది ఎంతదాకా వచ్చామో, ఎవరు ఆపారో చెప్పాలి. ‘అయింది’, ‘ఫలానావాళ్లు పట్టుకున్నారు’, ‘ఇంకా రాస్తోంది’, ‘తెలియదు’. ఈ నాలుగో మాట ఉంచడానికి చాలామంది ఒప్పుకోరు. టైమ్‌అవుట్ అయినప్పుడు మీ దగ్గరున్న నిజం ఆ మాటొక్కటే.

కమాండ్లు నడిపి వాటి మాటల్లో ‘బిజీ’ అనే పదం వెతికే కోడు కూడా నేను రాశాను. మిషన్ భాష మార్చితే ఆ మాట మారిపోతుంది. ఎర్రర్ నంబరు మారదు. మౌంట్ల పట్టికను చదివి పేరు పోల్చే కోడూ రాశాను, దాని బాధ ఇంకోటి. ఒక పెళ్లివారి పెన్‌డ్రైవ్ పేరు ‘పెళ్లి ఫోటో’. ఎక్స్‌ఫ్యాట్‌లో పేరుకు 11 యూనికోడ్ గుర్తులే చోటు. తెలుగులో గుణింతం, ఒత్తు కూడా లెక్కకు వస్తాయి కాబట్టి ఈ పేరు, మధ్యనున్న ఖాళీతో కలిపి, సరిగ్గా పదకొండు. లినక్స్ తన పట్టికలో తెలుగును అలాగే ఉంచింది, ఖాళీని మాత్రం \040 అని రాసింది. ‘పెళ్లి\040ఫోటో’ మా పోలికలో ‘పెళ్లి ఫోటో’ కాలేదు. పట్టికలో ఆ డ్రైవ్ కనబడలేదు కాబట్టి ఇప్పటికే అన్‌మౌంట్ అయిపోయిందని తేల్చేసింది మా కోడు. పేరుతో కాకుండా డివైస్ నంబరుతో పోల్చండి. పేరుతో తప్పదంటే ముందు ఆ గుర్తులను విప్పండి. ‘ఎస్‌డీబీ1’ అనో ‘ఈ:’ డ్రైవ్ అనో కోడులో గట్టిగా రాసిపెట్టడమైతే అసలు చేయొద్దు. రెండో పెన్‌డ్రైవ్ గుచ్చిన రోజున మీరు వేరేవాళ్ల డ్రైవ్‌ను మూసేస్తారు.

పరీక్ష ఎలా చేయాలో చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఈ కోడును సొంత మిషన్లో వేగమైన ఎస్‌ఎస్‌డీ మీద పరీక్షించి పంపించేస్తారు చాలామంది. మీ ఊరి బజార్లో దొరికే నెమ్మది పెన్‌డ్రైవ్ కొనండి. దానికి ఖాళీ ఉన్న తెలుగు పేరు పెట్టండి. ర్యామ్ ఎక్కువున్న మిషన్లో 8 జీబీ వీడియోలు ఎక్కించండి. ఎక్కుతుండగా ఫైల్ మేనేజర్లో ఆ ఫోల్డర్ తెరవండి, ఇంకో టెర్మినల్‌తో దాంట్లోకి వెళ్లి నిలబడండి. పచ్చ అక్షరాలు రాకూడదు, టెర్మినల్ పేరు రావాలి. టెర్మినల్ మూయండి. పచ్చ అక్షరాలు వచ్చిన అదే క్షణంలో, లైటు చూడకుండా, షాపాయన లాగినట్టే లాగేయండి. వేరే మిషన్లో గుచ్చి ప్రతి ఫైలు చెక్‌సమ్‌నూ అసలుతో పోల్చండి. మూడు సిస్టమ్‌ల మీదా, ఒక్కోదాని మీద ఇరవైసార్లు.

తెనాలి స్టూడియోలో ఇప్పుడు నడుస్తున్నది అలా ఇరవైసార్లు నిలబడిన కోడు. ఆ తొమ్మిది వీడియోలు మాత్రం రికవరీ సాఫ్ట్‌వేర్లకూ అందలేదు. పెళ్లికూతురి మేనత్త తన ఫోనులో తీసిన నలభై సెకన్ల ముక్క ఒకటి దొరికింది. అది తలకిందులుగా, నిలువుగా, ఎవరిదో భుజం అడ్డంగా. షాపాయన దాన్నే సరిచేసి పెళ్లి వీడియోలో అతికాడు.